వైపర్ మోటారు మార్చే ముందు లింకేజీని చూడాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో కారు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. టైర్లు, బ్రేకులు, లైట్ల గురించి చెప్పినదంతా పనికొచ్చేదే. అయితే వైపర్ల దగ్గరకు వచ్చేసరికి, రబ్బరు గట్టిపడితే బ్లేడు మార్చుకోవాలనీ, వైపర్లు తిరగకపోతే మోటారు పోయినట్లే కాబట్టి కొత్తది వేయించుకోవాలనీ రెండు వాక్యాల్లో ముగించారు. ఆ రెండో వాక్యం గురించే ఈ ఉత్తరం. వైపర్లు ఆగిపోవడమంటే మోటారు పోవడమేనని నేనూ నమ్మి, సరిచూసుకోకుండా కొత్త మోటారు వేయించుకున్నాను. ఆ కొత్త మోటారు ఆరు నెలలు తిరగకముందే, రాత్రి పూట, జోరువానలో, ఎదురుగా లారీ లైట్లు అద్దమంతా పరచుకున్న సమయంలో ఆగిపోయింది. కారును రోడ్డు పక్కకు చేర్చిన ఆ కొద్ది క్షణాలూ నేను ఏమీ చూడకుండానే నడిపాను. ఆ భయం ఇప్పటికీ నన్ను వదలలేదు.

మొదటిసారి ఆగిపోవడానికి చాలా రోజుల ముందే వైపర్లు నాకు సూచన ఇచ్చాయని తర్వాత తెలిసింది. గట్టి వానలో ఫరవాలేదనిపించేవి గానీ, తుంపరలో అద్దం కాస్త ఆరగానే మూలుగుతూ, సగం వేగంతో కదిలేవి. పూర్తిగా ఆగిపోయాక కారును తీసుకెళ్లిన చోట స్విచ్ వేసి చూసి, చప్పుడు రాకపోవడంతో మోటారు పోయిందని చెప్పి, అదే రోజు కొత్తది బిగించి ఇచ్చారు. అప్పటికి వైపర్లు చక్కగా ఆడాయి కాబట్టి నేనూ మరో ప్రశ్న అడగలేదు. రెండోసారి వేరొక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళితే, ఆయన కొత్త మోటారు మాట ఎత్తకుండా, ముందు మోటారు నుంచి లింకేజీని, అంటే మోటారు కదలికను వైపర్లకు చేర్చే కడ్డీల ఏర్పాటును విడదీసి, బ్లేడును పట్టి ఉంచే వైపర్ ఆర్మ్‌ను చేత్తో కదిపి చూడమన్నారు. లింకేజీ విడిగా ఉన్నప్పుడు వేలితో తోస్తే కదలవలసిన ఆ ఆర్మ్, రెండు చేతులతో పట్టి నెడితే తప్ప కదలలేదు. మోటారు కాలిపోయిన మాట నిజమే. దాన్ని కాల్చింది మాత్రం తుప్పుతో బిగుసుకుపోయిన పివట్, అంటే వైపర్ ఆధారపడి తిరిగే ఇరుసు అని అప్పుడు కళ్లారా చూశాను.

బానెట్ ఎత్తి, అద్దం అడుగు అంచున ఉండే ప్లాస్టిక్ మూతను తీస్తే ఈ ఏర్పాటంతా కనిపిస్తుంది. మోటారు 12 వోల్టుల మీద నడిచే చిన్న వస్తువు. లోపల తిరిగే తీగచుట్టల భాగం, అంటే ఆర్మేచర్, చాలా వేగంగా తిరుగుతుంది. దాని చివర ఉన్న మర లాంటి గేరు, అంటే వార్మ్, మరొక పళ్ల చక్రాన్ని తిప్పడం వల్ల వేగం బాగా తగ్గి, ఆ మేరకు బలం పెరుగుతుంది. ఆ చక్రం చాలా మోటార్లలో ప్లాస్టిక్‌తో చేసినదే. దాని ఇరుసుకు క్రాంకు అనే ఒక పొట్టి చెయ్యి, క్రాంకుకు రెండు ఇనుప కడ్డీలు, ఆ కడ్డీల చివర్లలో బాల్ జాయింట్లు, వాటి అవతల వైపర్లను మోసే రెండు పివట్లు ఉంటాయి. మోటారు ఎప్పుడూ ఒకే దిశలో గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడును అటూ ఇటూ ఊగే కదలికగా మార్చేది ఈ కడ్డీల ఏర్పాటే, అదే లింకేజీ. కొన్ని కొత్త కార్లలో ఎలక్ట్రానిక్ అదుపుతో మోటారే దిశ మార్చుకునే రకాలు కూడా ఉన్నాయి కానీ, నేను చెబుతున్నది ఎక్కువ కార్లలో కనిపించే మామూలు పద్ధతి గురించి.

పివట్ ఇరుసు బుష్షు అనే ఒక గొట్టం లాంటి తొడుగులో తిరుగుతుంది. అద్దం మీద పడిన నీరంతా దాని మీదుగానే దిగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి నానాక లోపలి గ్రీజు కొట్టుకుపోయి తుప్పు చేరుతుంది. బిగుసుకున్న పివట్‌ను తిప్పడానికి మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఎక్కువ కరెంటు తీసుకున్న కొద్దీ వేడెక్కుతుంది. అప్పుడు ఫ్యూజు పోవచ్చు, లేదా ఆర్మేచర్‌కు కరెంటు అందించే బ్రష్షులు అరిగిపోవచ్చు, లేదా ప్లాస్టిక్ చక్రం పళ్లు ఊడిపోవచ్చు. చాలా మోటార్లలో వేడి మితిమీరితే కరెంటును తానే ఆపి, చల్లారాక మళ్లీ కలిపే చిన్న కట్ఔట్ ఉంటుంది. వైపర్లు కాసేపు ఆడి, ఆగి, కొన్ని నిమిషాలకు వాటంతటవే మళ్లీ కదిలితే ఎక్కడో వైరు లూజుగా ఉందని అనుకుంటాం. కట్ఔట్ పదే పదే పని చేస్తోందేమోనన్న అనుమానం కూడా అప్పుడు రావాలి. ఒకప్పటి కార్లలో ఇంజను పీల్పుతో, అంటే వాక్యూమ్‌తో నడిచే వైపర్లు ఉండేవి. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే, సరిగ్గా చూపు అవసరమైన చోటే అవి నీరసించేవి. విద్యుత్ మోటారు వచ్చాక ఆ బాధ తీరింది. ఇంజను మీద ఎంత భారం ఉన్నా వేగం నిలకడగా ఉండటమే ఈ మోటారు గొప్పతనం కాబట్టి, వైపర్లు నెమ్మదించాయంటే దాన్ని వయసు మీద తోసేసి ఊరుకోకూడదు.

మోటారు నిజంగా పోయిందో లేదో తేల్చడం కష్టమైన పని కాదు. స్విచ్ వేసినప్పుడు మోటారు తిరిగే చప్పుడు వినిపిస్తూ వైపర్లు కదలకపోతే, చాలావరకు క్రాంకు నట్టు వదులై ఉంటుంది, లేదా కడ్డీ బాల్ జాయింటు నుంచి ఊడి ఉంటుంది, కొన్నిసార్లు మోటారు లోపలి చక్రం పళ్లు అరిగి ఉంటాయి. ఒక వైపర్ కదిలి రెండోది కదలకపోతే మోటారును అనుమానించనే అక్కరలేదు. ఆ కదలని ఆర్మ్ నట్టునూ, దాని కడ్డీనీ చూస్తే సరిపోతుంది. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, అంటే కరెంటుతో పని చేసే చిన్న స్విచ్ చూసి, మోటారుకు వైర్లు తగిలే కనెక్టర్ దగ్గర స్విచ్ వేసి ఉంచి మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవాలి. అక్కడికి కరెంటు రాకపోతే లోపం స్విచ్‌లోనో వైరులోనో ఉన్నట్టు. అలాంటప్పుడు ఎన్ని మోటార్లు మార్చినా వైపర్లు కదలవు. 12 వోల్టులు చక్కగా అందుతూ, మోటారును కారు బాడీకి కలిపే ఎర్త్ వైరు కూడా గట్టిగా ఉండి, లింకేజీ నుంచి విడదీసినా మోటారు తిరగకపోతే, అప్పుడు మాత్రమే మోటారు పోయిందని నమ్మవచ్చు. ఎర్త్ గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ బోల్టు వల్ల బాగున్న మోటారు కూడా చచ్చినట్టు పడి ఉంటుంది, ఆ బోల్టును గీకి బిగిస్తే లేచి తిరుగుతుంది.

రెండు వేగాల్లో ఒకటే పని చేస్తున్నప్పుడు కూడా ఇదే ఓపిక కావాలి. మామూలుగా ఈ మోటార్లలో మూడు బ్రష్షులు ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండింటి గుండా కరెంటు పోతే తక్కువ వేగం, పక్కకు జరిపి పెట్టిన మూడో బ్రష్షు గుండా పోతే ఎక్కువ వేగం వస్తాయి. ఎక్కువ వేగానికి చెందిన పిన్నుకు కరెంటు వస్తూ కూడా ఆ వేగం రాకపోతే లోపం మోటారులోనిది, ఆ పిన్నుకు కరెంటే రాకపోతే స్విచ్ వైపుది. ఇక స్విచ్ ఆపగానే వైపర్లు కిందికి వచ్చి పడుకోకుండా అద్దం మధ్యలో నిలబడిపోవడం మరో రకం జబ్బు. మనం ఆపినా సరే, వైపర్లు అడుగుకు చేరేదాకా మోటారుకు కరెంటు అందిస్తూ, చేరగానే ఆపే కాంటాక్టు ఒకటి మోటారు గేరు పెట్టెలోనే ఉంటుంది. అది అరిగినా, మురికి పట్టినా వైపర్లు దారి మధ్యలో ఆగుతాయి. కొన్ని మోటార్లలో గేరు పెట్టె మూత విప్పి, ఆ రాగి పలకను తుడిచి, కొత్త గ్రీజు పెడితే ఆ ఇబ్బంది పోతుంది.

మార్చక తప్పనప్పుడు కూడా తొందర పనికిరాదు. విప్పే ముందు వైపర్లు పడుకున్న చోట అద్దం మీద టేపు ముక్క అంటించుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కరలేదు. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. కడ్డీల మధ్య చెయ్యి ఉన్నప్పుడు పొరపాటున స్విచ్ పడితే వేళ్లు నలిగిపోతాయి. ఆర్మ్ నట్టు విప్పాక కూడా ఆర్మ్ పివట్ పళ్లకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో అద్దం మీద ఆనించి ఎత్తితే అద్దం పగలవచ్చు. తుప్పు వదిలించే నూనె కొట్టి, కాసేపు ఆగి, మెల్లగా అటూ ఇటూ ఆడించాలి, అప్పటికీ రాకపోతే దాన్ని లాగి తీసే పుల్లర్ అనే పనిముట్టు వాడాలి. బ్లేడు లేని ఆర్మ్ స్ప్రింగు బలంతో అద్దం మీద పడినా పగలవచ్చు కాబట్టి కింద మందపాటి గుడ్డ పరచుకోవడం మంచిది. మోటారు, లింకేజీ కలిపి ఒకే చట్రంగా బయటికి వచ్చే కార్లే ఎక్కువ. చట్రం చేతికి వచ్చాక వైపర్లు పడుకున్న స్థితిలో క్రాంకు ఏ కోణంలో ఉంటుందో గీత గీసి గుర్తు పెట్టుకోవాలి.

నేను చూసినంతలో ఎక్కువ మంది వదిలేసే పని ఆ తర్వాతిదే. కొత్త మోటారును క్రాంకు బిగించకుండానే కనెక్టర్‌కు తగిలించి, బ్యాటరీ వైరు తాత్కాలికంగా కలిపి, వైపర్ స్విచ్ వేసి ఒకటి రెండు చుట్లు తిరగనిచ్చి, ఆ స్విచ్ ఆపాలి. అప్పుడు మోటారు తన ఆగవలసిన స్థానంలో తానే ఆగుతుంది. బ్యాటరీ వైరు మళ్లీ తీసేసి, క్రాంకును గుర్తు పెట్టుకున్న కోణంలో అప్పుడే బిగించాలి. ఆ పని చేయకుండా బిగిస్తే వైపర్లు అద్దం మధ్యలో పడుకోవడమో, అద్దం చట్రాన్ని కొట్టుకోవడమో జరుగుతుంది. క్రాంకు నట్టు బిగించేటప్పుడు క్రాంకును వైస్‌లోనో, మరో స్పానర్‌తోనో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే ఆ బలమంతా లోపలి ప్లాస్టిక్ పళ్ల మీద పడి కొత్త మోటారు తొలిరోజే దెబ్బ తింటుంది. పివట్లను శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, వేలితో తోస్తే తిరిగేలా చేశాకే మోటారును వాటికి కలపాలి. అలా తిరగకపోతే లింకేజీని కూడా మార్చాలి. ఆర్మ్‌లు పెట్టకముందు ఒకసారి, పెట్టాక అద్దాన్ని బాగా తడిపి రెండు వేగాల్లోనూ ఇంకొకసారి నడిపి చూశాకే పని అయినట్టు. పొడి అద్దం మీద పరీక్షించడం మోటారుకూ మంచిది కాదు, రబ్బరుకూ మంచిది కాదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తిగా ఉంటుంది. ఆ ప్లాస్టిక్ మూత కింద నీరు పోవడానికి రంధ్రాలు ఉంటాయి. చెట్ల కింద నిలిపే కార్లలో రాలిన ఆకులు కుళ్లి ఆ రంధ్రాలను మూసేస్తాయి. అప్పుడు మోటారు నీటిలో నానుతుంది, కొన్ని కార్లలో ఆ నీరే లోపల కాళ్ల దగ్గరకు కూడా దిగుతుంది. నా కారులో పివట్ తుప్పుకు మూలం అక్కడే దొరికింది. గుప్పెడు మట్టి, ఆకుల ముద్ద తీస్తే నిలిచిన నీరంతా చూస్తుండగానే దిగిపోయింది. ఆ పని వానలు మొదలయ్యే ముందు ఎవరికి వారు చేత్తో చేసుకోగలిగినదే.

మరమ్మతు చేసేవారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. వైపర్లు కదలగానే పంపించమని తొందర పెట్టేది మనమే, పివట్‌కు గ్రీజు పెట్టడానికి పట్టే గంట సమయాన్ని వృథా అనుకునేదీ మనమే. అందుకే తోటి పాఠకులను కోరుతున్నాను: మోటారు మార్చాలని ఎవరైనా చెప్పినప్పుడు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలిచారా, లింకేజీ విడిగా తేలిగ్గా తిరుగుతోందా అన్న రెండు ప్రశ్నలు మర్యాదగా అడగండి, తీసిన పాత మోటారును చూపించమనండి. మిమ్మల్ని కోరేది కూడా ఒకటుంది. ఆ వ్యాసంలోని వాక్యాన్ని సవరించే అవకాశం ఉంటే, ఆ ప్లాస్టిక్ మూత కింద మోటారు, క్రాంకు, కడ్డీలు, పివట్లు, నీరు పోయే రంధ్రాలు ఎక్కడెక్కడ ఉంటాయో చూపే బొమ్మను పేర్లతో సహా దాని పక్కన ప్రచురించండి. ఆ బొమ్మ ముందే చూసి ఉంటే నేను మొదటిసారే సరైన ప్రశ్న అడిగి ఉండేవాడిని.

భవదీయుడు,
మీ పాఠకుడు