ఆవు కళ్లు తెల్లబడి చనిపోతే గాలికుంటు అని వదిలేయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా చంద్రగిరి వైపు, అటు పలమనేరు పుంగనూరు దాకా పంట కోశాక పొలంలో గొర్రెల మంద నిలపడం అందరికీ తెలిసిందే, ఎరువు కోసం రైతే కాపరిని పిలిచి డబ్బులో గింజలో ఇచ్చి కొన్ని రాత్రులు మందని పడుకోబెట్టించుకుంటాడు. ఆ పక్కనే ఆవుల కొట్టం ఉంటుంది, తాగే నీళ్ల తొట్టి కూడా ఒకటే. తరతరాలుగా ఉన్న పద్ధతి ఇది, తప్పుపట్టడానికి రాయట్లేదు. కానీ దీంతో ముడిపడిన జబ్బు ఒకటుంది, మాలిగ్నెంట్ క్యాటరల్ ఫీవర్ అని, దాని పేరు కూడా మా పాడి రైతుల్లో చాలామంది వినలేదు.

పోయినేడాది మా పక్క ఊర్లో ఒక జెర్సీ క్రాస్ ఆవుకి విపరీతంగా జ్వరం వచ్చింది, ముక్కులోంచి చీమిడి చిక్కగా కారి అట్ట కట్టింది, నోట్లో పుండ్లు పడ్డాయి, రెండు కళ్లూ పువ్వేసినట్టు తెల్లబడిపోయాయి. గాలికుంటు అన్నారు, సూదులేశారు, చనిపోయింది, పూడ్చేశారు. ఆ ఆవుకి గాలికుంటు టీకా వేసే ఉన్నారు, గిట్టల్లో పుండ్లు లేవు, పక్కన కట్టేసిన ఆవుల్లో ఒక్కదానికీ ఏం కాలేదు. గాలికుంటు అయితే కొట్టం మొత్తం చుట్టేస్తుంది కదా. అది ఫలానా జబ్బే అని నేను అనట్లేదు, శాంపిల్ తీసి పరీక్ష చేస్తేనే తెలిసేది, ఆ పరీక్షే చేయలేదు, నా బాధంతా అదే.

ఈ లక్షణాలన్నీ ఉండే జబ్బే నేను పైన చెప్పిన మాలిగ్నెంట్ క్యాటరల్ ఫీవర్, పొట్టిగా ఎంసీఎఫ్. దీన్ని తెచ్చేది హెర్పిస్ జాతి వైరస్‌లు. ఆఫ్రికాలో వైల్డ్‌బీస్ట్ అనే అడవి జంతువు మోసుకు తిరుగుతుంది, దానికి మాత్రం ఏమీ కాదు, దాని దగ్గర మేసిన ఆవు చచ్చిపోతుంది. అక్కడి మసాయి పశువుల కాపర్లకి ఈ సంగతి ముందునుంచీ తెలుసు, వైల్డ్‌బీస్ట్ ఈనే కాలంలో మందల్ని ఆ మేత మైదానాలకి దూరంగా తోలుకుపోతారు. ఆ వైరస్‌ని 1960లో కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ బృందం వేరుచేసి చూపించింది, పశువుల ముసర వ్యాధికి (రిండర్‌పెస్ట్) మంచి టీకా చేసిన సైంటిస్టు కూడా ఆయనే.

మన దగ్గర వైల్డ్‌బీస్ట్ లేదు, గొర్రె ఉంది. గొర్రెల్లో ఉండేది ఓవైన్ హెర్పిస్ వైరస్ 2, ప్రపంచంలో గొర్రెలున్న చోటల్లా ఉంది, మన దేశంలో కాశ్మీర్‌లో, పక్కనే ఉన్న కర్ణాటకలో కూడా పీసీఆర్ పరీక్షల్లో (శాంపిల్‌లో వైరస్ జన్యువుని పట్టే పరీక్ష) బయటపడింది. గొర్రె జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటుంది. ఈనే టైంలోనే ప్రమాదం అనుకుంటారు గానీ ఈ వైరస్‌ని ముక్కు స్రావాల్లో ఎక్కువగా వదిలేది ఆరు నుంచి తొమ్మిది నెలల వయసు గొర్రె పిల్లలు. సోకిన ఆవు ఇంకో ఆవుకి అంటించదు, అందుకే కొట్టంలో ఒక్కటే పడిపోతుంది, మనుషులకి కూడా రాదు. జబ్బు బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఆవు పడేసరికి ఆ మంద ఏ కడప వైపో ఏ అనంతపురం వైపో వెళ్లిపోయి ఉంటుంది, ఇంక రైతుకి గొర్రెలకీ ఆవుకీ సంబంధం తట్టేదెలా? అందుకే డాక్టరు గారే అడగాలి, ఈ మధ్య పొలంలో మంద నిలిపారా అని. ఈ ఒక్క ప్రశ్న మావైపు ఎవరూ అడగట్లేదు.

ఈ జబ్బుకి మందు లేదు, మార్కెట్లో టీకా లేదు, లక్షణాలు కనపడిన ఆవుల్లో ఎక్కువ భాగం చనిపోతాయి. గొర్రెల్ని ఆవులకి దూరం పెట్టడం ఒక్కటే దారి. ఆవు ఒకింత తట్టుకుంటుంది గానీ బైసన్‌లు (అడవిదున్న లాంటి జంతువులు), కొన్ని రకాల జింకలు అస్సలు తట్టుకోలేవు. మా ఊళ్ల జీవాలు శేషాచలం అంచుల్లోకి మేతకి పోతుంటాయి, అక్కడ దుప్పులు, కణుజులు ఉన్నాయి. అడవిలో ఒక కణుజు చనిపోతే ఎందుకు చనిపోయిందని అడిగేవాళ్లు ఉండరు. జూలో కూడా గొర్రెలు మేకలు జింకల ఆవరణ దగ్గరికి రాకుండా చూసుకోవాలని నా మనవి.

కాపరుల మీద కోపం తెచ్చుకోవద్దు, వాళ్ల జీవాలు చేసిన తప్పేం లేదు, ఆ ఎరువు లేకపోతే మా పొలాలకే నష్టం. మందని కొట్టానికి దూరంగా ఉన్న చేలో నిలుపుకుని, మేత, నీళ్ల తొట్టి వేరు చేసుకుంటే చాలావరకు సరిపోతుంది.

పశుసంవర్ధక శాఖ వాళ్లని అడిగేది ఏంటంటే, జ్వరంతో పాటు రెండు కళ్లూ తెల్లబడిన ఆవు కనపడితే బతికుండగానే రక్తం శాంపిల్ తీసి పీసీఆర్ చేయించండి, చనిపోతే పూడ్చకముందే పోస్టుమార్టం చేయండి. వెటర్నరీ యూనివర్సిటీ మన తిరుపతిలోనే ఉంది, శాంపిల్ ఎక్కడికి ఎలా పంపాలో ఊరి పశువుల ఆస్పత్రి దాకా చెప్పండి. రైతుసేవా కేంద్రాల్లో గాలికుంటు పోస్టర్ పక్కనే దీని పోస్టర్ కూడా తెలుగులో పెట్టించండి, ఆ తెల్లబడిన కంటి ఫోటోతో సహా.

ఇట్లు,
ఒక పాడి రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా