సులైబిఖాత్ బండల నుంచి సిద్ధవటం దాకా నన్ను మోసినవాళ్ళకు

అందరికీ నమస్కారం.

డిసెంబరులో కువైట్‌లో, సులైబిఖాత్ సముద్రపు ఒడ్డు బండల మీద జారి నా చీలమండ విరిగింది. కడపలో డాక్టరు మొన్న ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "ఎముక బాగా అతుక్కుంది, ఇంక చంకకర్రలు పక్కన పెట్టు" అన్నాడు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతూనే ఉన్నాను గానీ, ఎంతమందికని చెప్పేది? కొందరి నెంబర్లు కూడా లేవు నా దగ్గర. అందుకే ఇక్కడ రాస్తున్నా. పేర్లు వేస్తే ఊరుకోమని ముగ్గురు నలుగురు ముందే బెదిరించారు. సరే, ఊళ్ళ పేర్లతోనే పిలుస్తా. ఎవరి సంగతి వాళ్ళకు తెలిసిపోతుంది.

నేనెవరో తెలియనివాళ్ళకు: మాది సిద్ధవటం పక్కన పల్లె. నాయన వేయించిన బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక, మా వైపు చాలామంది పట్టిన దారే నేనూ పట్టి కువైట్ వెళ్ళాను. ఏసీ మెకానిక్‌ని. పద్దెనిమిది నెంబరు వీసా, అంటే ప్రైవేటు కంపెనీల్లో పని చేసేవాళ్ళకు ఇచ్చేది. ఖైతాన్‌లో రూము. రూములో ఉన్నవాళ్ళంతా కడప జిల్లా వాళ్ళే, ఒక్క వంటమనిషి తప్ప. ఆయన నెల్లూరు. అందుకే మా చేపల పులుసు బాగుంటుంది, మా సంగటి ఎప్పుడూ గడ్డలే.

అక్కడ బతుకంటే ఇక్కడివాళ్ళు రెండు రకాలుగా అనుకుంటారు. ఒకటి బంగారం, రెండు కన్నీళ్ళు. రెండూ ఉన్నాయి, కాదనను. కానీ వారానికో శుక్రవారం కూడా ఉంది. దాని గురించి ఎవరూ అడగరు. పొద్దెక్కిందాకా నిద్ర, బట్టలు ఉతకడం, ఇంటికి వీడియో కాల్, మధ్యాహ్నం మీద బస్సెక్కి కువైట్ సిటీ నడిబొడ్డున మాలియాలో దిగడం. మాలియాలో శుక్రవారం సాయంత్రం నిలబడితే రాయచోటి, రాజంపేట, బద్వేలు, పులివెందుల అన్నీ ఒక్కచోటే కనబడతాయి. ఊర్లో పెళ్ళికి కూడా కలవని మేనమామ కొడుకు నాకు అక్కడే కలిశాడు. క్రికెట్ ఆడేవాళ్ళు తెల్లారుజామునే ఇసుక మైదానాలకు పోతారు. చలికాలం వస్తే కువైటీలు నవంబరు నుంచి మార్చి దాకా ఎడారిలో గుడారాలు వేసుకుంటారు, ఒక్కోసారి వాళ్ళ డ్రైవర్లతో పాటు మనకూ పిలుపు ఉంటుంది. ఎండాకాలం మాత్రం నాకు శుక్రవారం లేదు, శనివారం లేదు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. దాంతో మిద్దెల మీద పనంతా తెల్లారి, సాయంత్రం. అదే మూడు నెలలు ఏసీలు ఎక్కువ చెడిపోయే నెలలు. 2016 జులైలో మిత్రిబా అనే చోట 54 డిగ్రీల దాకా పోయిన దేశం మరి.

నాకు అంటుకున్న పిచ్చి వేరే. పిట్టలు.

మిద్దె మీద ఔట్‌డోర్ యూనిట్ విప్పుతుంటే నీళ్ళు కారిన చోటికి ఓ రోజు కూకుడుగువ్వ వచ్చి వాలింది. తల మీద కిరీటం విప్పి, మూసి, నా స్క్రూడ్రైవర్ వైపు చూసింది. చెట్టు లేని దేశంలో ఇదెక్కడిది అనుకున్నా. కింద ఇంట్లో ఉన్న మలయాళీ నర్సన్నను అడిగితే లోపలికి పోయి లావు పుస్తకం ఒకటి తెచ్చాడు. కువైట్‌లో ఇప్పటిదాకా 400కు పైగా రకాల పిట్టలు కనబడ్డాయంట. చాలావరకు అక్కడ ఉండేవి కావు, ఉత్తరాన చలికీ దక్షిణాన వానకీ మధ్య పోతూ వస్తూ దిగేవి. మనలాగే అన్నాడు ఆయన. మాట్లాడుతూ నీదేవూరని అడిగాడు. కడప అన్నా. ఆయన పుస్తకం మూసేసి నా ముఖం చూశాడు. "కడపా? జెర్డాన్స్ కోర్సర్ కడపా?"

జెర్డాన్స్ కోర్సర్ అంటే మన కలివికోడి! మా ఊరి పేరు చెప్తే కేరళ మనిషి కువైట్‌లో ఎగిరి గంతేసిన ఏకైక సందర్భం అది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986 జనవరిలో మా లంకమల కొండల కింద రెడ్డిపల్లె దగ్గర దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఎంత వెతికినా, చివరికి దాన్ని పట్టింది మన పల్లెల్లో పిట్టలు పట్టుకునే మనిషే. దానికోసం లంకమల అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి కంపచెట్ల మధ్య ఇసుక పరిచి, తెల్లారి దాని పాదాల గుర్తులు వెతికేవాళ్ళు. ఇవన్నీ మా ఇంటికి కూతవేటు దూరంలో జరిగాయి. నాకు చెప్పింది మాత్రం త్రిశూర్ ఆయన. తర్వాత చలికాలంలో ఒక శుక్రవారం జహ్రా వైపు ఎడారిలో దాని చుట్టాన్ని కూడా చూపించాడు. ఇసుక రంగు, పొడుగు కాళ్ళు, ఎగరమంటే పరుగెత్తే రకం. అప్పటినుంచీ నేనూ ఆయనా, కోడూరు తమ్ముడూ, ఒక బంగ్లాదేశ్ డ్రైవరూ శుక్రవారం టీమ్. రూములో వాళ్ళు "ఏంది సామీ, కాకులు లెక్కబెట్టేదానికి పోతాండావా" అని నవ్వేవాళ్ళు. అమ్మయితే ఫోన్లో "పిట్టలు మన కాడ లేవా, అంత దూరం పోయి చూసేదానికి?" అనేది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

సులైబిఖాత్ తీరంలో ఆటు వచ్చినప్పుడు బురద మైళ్ళకొద్దీ బయటపడుతుంది. చలికాలం ఫ్లెమింగోలు అక్కడే మేస్తాయి. సూళ్ళూరుపేటకు పోయి పులికాట్ చూసినవాళ్ళకు చెప్పనవసరం లేదు. డిసెంబరులో అట్లా ఒక శుక్రవారం ఒడ్డున వేసిన పెద్ద బండల మీద నడుస్తుంటే పాచి మీద కాలు జారింది. రెండు బండల సందులో పాదం ఇరుక్కుంది, మనిషి పక్కకు పడ్డాడు. చీలమండ దగ్గర రెండు ఎముకలూ పోయాయి. నొప్పి గురించి రాయను, అది అందరికీ ఒకటే.

నర్సన్నకు ముందుగా: అన్నా, నువ్వు ఆ రోజు నా పాదం ముట్టుకోకముందే గోరు నొక్కి రంగు తిరిగి వస్తోందా లేదా చూశావు. "రక్తం ఆడుతోంది, భయం లేదు" అన్న నీ మాటతోనే నాకు ఊపిరి ఆడింది. నీ ప్రాణం లాంటి కెమెరా స్టాండు కాళ్ళు విప్పి నా కాలికి అటొకటి ఇటొకటి పెట్టించావు. కట్టడానికి గుడ్డ లేదు. పక్కన గాలం వేసుకుంటున్న ఈజిప్టు పెద్దాయన తల మీది గుత్రా తీసి ఇచ్చాడు, ఎవరూ అడగకుండానే. కోడూరు తమ్ముడు 112కు ఫోన్ చేసి, వచ్చీరాని అరబ్బీలో దారి చెబుతూనే నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ బండల మీద ఖాళీ చేతులతో నడవడమే కష్టం, నలుగురు కలిసి నన్ను రోడ్డు దాకా ఎత్తుకొచ్చారు. నేను ఎనభై ఐదు కేజీలు. ఆ సంగతి తర్వాత రూములో అందరూ నాకు గుర్తు చేశారు.

కువైట్‌లో రాజీ అనే ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేసిన డాక్టర్లకు, రాత్రిళ్ళు దుప్పటి సరిచేసిన ఫిలిప్పీన్స్ సిస్టరుకు తెలుగు రాదు కాబట్టి వాళ్ళకు విడిగా చీటీ రాసి పంపించాను.

పులివెందుల అన్న గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఆయన చేసిన సాయం పదిమందికి పనికొస్తుంది. నేను ఆసుపత్రిలో ఉండగానే ఒకాయన వచ్చి, సిక్ లీవ్ కాగితాలు కంపెనీలో కదిలించాలంటే ఖర్చవుతుందని దినార్లు అడిగాడు. నేను ఇచ్చేవాణ్ణే. అన్న వచ్చి కూర్చోబెట్టి చెప్పాడు: అక్కడి కార్మిక చట్టం, 2010 నాటిది, ప్రకారం ఏడాదికి మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 10 రోజులు ముప్పావు, ఇంకో 10 రోజులు సగం, ఇంకో 10 రోజులు పావు, ఆపైన 30 రోజులు జీతం లేకుండా సెలవు. ప్రభుత్వ డాక్టరు రిపోర్టు ఉంటే చాలు, ఎవరి చేతులూ తడపక్కర్లేదు. రిపోర్టు కాపీలు మూడు తీసి, ఒకటి కంపెనీకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకొచ్చాడు. జీతం పడింది. దేశం బయట ఆరు నెలలు దాటితే అకామా, అంటే అక్కడ ఉండేదానికి ఇచ్చే అనుమతి, పోతుందని, ఆ లోపల తిరిగి రావాలని క్యాలెండరులో గీత కొట్టి ఇచ్చింది కూడా ఆయనే. కువైట్‌లో ఉన్న మన పిల్లలకు ఈ లెక్క చెప్పండి. చాలామంది జ్వరం వస్తే జీతం కోత అనుకుని మాత్రలు మింగి మిద్దెలెక్కుతున్నారు.

రూము తమ్ముళ్ళూ, మీకు నేనేం రాసేది. బాత్రూముకు ఎత్తుకుపోయారు, గడ్డం గీశారు. నెల్లూరు మామ నా కోసమని కారం తగ్గించి వండాడు, అది మాత్రం క్షమించలేను. మీరు పోగేసి నా దిండు కింద పెట్టిన డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు కదా. అది అట్లాగే ఉంది. రూములో ఇంకెవరికైనా అవసరం పడ్డనాడు తీస్తాను, అప్పుడు వద్దనడానికి వీల్లేదు.

చెన్నై విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తోసిన పిల్లవాడికి, కారు వెనక సీటులో పరుపు పరిచి రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా గుంత వచ్చినచోటల్లా ముందే "అన్నా, గుంత" అని చెప్పి దాటించిన డ్రైవరుకు దండాలు. ఒంటిమిట్ట గుడి గోపురం కనబడ్డాక నేను ఏడ్చానని వాడు ఊరంతా చెప్పాడు. నొప్పికి ఏడ్చాను.

ఇంటికొచ్చాక అసలు కష్టం నేల మీద కూర్చునే మరుగుదొడ్డి. ఇది ఎవరూ ముందు ఆలోచించలేదు. ఎదురింటి కార్పెంటర్ పిల్లోడు నా అవస్థ చూసి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి నడిమధ్యన గుండ్రంగా కోసి, అంచులు గుచ్చుకోకుండా సైకిల్ ట్యూబు చీల్చి చుట్టూ అతికించి ఇచ్చాడు. గోడకు పట్టుకునేదానికి ఇనుప పైపు కూడా బిగించాడు. డబ్బు ఇవ్వబోతే "కువైట్ దుప్పటి తెచ్చి ఇయ్యి మామా" అన్నాడు. తెస్తా అబ్బీ, రెండు తెస్తా.

ఫిజియోథెరపీకి కడపకు తీసుకుపోయిన భాకరాపేట ఆటో అన్న బేరం మానుకుని, నేను లోపల ఉన్నంతసేపూ వేరే బాడుగ పట్టకుండా చెట్టు కింద కాచుకునేవాడు. ఫిజియో అక్క కోపిష్టి. టవలు మడిచి పాదం కింద పెట్టి, వేళ్ళతో దాన్ని దగ్గరికి లాక్కోమనేది. టవలు కదలదు, నాకు చెమటలు. "బండలెక్కి పిట్టల్ని చూసినోడివి, టవలు లాగలేవా?" అనేది. ఎవరు చెప్పారో ఆమెకు. ఇప్పుడు మడమ ఎత్తి వేళ్ళ మీద నిలబడుతున్నానంటే ఆమె చలవే. పక్కింటి పెద్దమ్మ రోజూ తెచ్చిన రాగి జావ, చిన్నాయన మా చేనికి కట్టిన నీళ్ళు, ఇవి ఏ లెక్కలోనూ రాయలేను.

ఒక్క మాట బడిపిల్లల గురించి. నేను అరుగు మీద కాలు చాపుకుని బైనాక్యులర్ పెట్టుకుంటే నలుగురు చేరారు. పెన్న ఒడ్డున ఏమేం చూశారో సాయంత్రం వచ్చి చెబుతున్నారు, నోటుబుక్కులో రాసి మరీ. పాలపిట్ట, లకుముకి, వరికొంగ. కలివికోడిని చూశామని రోజుకొకడు ఒట్టు పెడతాడు. అమ్మ కూడా నిన్న వేపచెట్టు మీద ఏదో వాలితే "అది యేందిరా?" అని అడిగింది.

టికెట్ తీసుకున్నాను, గీత దాటకముందే వస్తున్నా. సులైబిఖాత్ వైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ ఈజిప్టు పెద్దాయన శుక్రవారాలు ఆకుపచ్చ బకెట్టు పెట్టుకుని బండల చివర కూర్చుంటాడు, ఆయనకు నా నెంబరు ఇవ్వండి. గుత్రా నా దగ్గరే ఉంది. ఇక ఖైతాన్ రూముకూ, శుక్రవారం టీముకూ: అమ్మ చెనిక్కాయల ఊరిబిండి, నిప్పట్లు చేస్తానంటోంది. ఎవరికెంత కావాలో ఈ ఆదివారం లోపల చెప్పండి. విమానంలో బరువు ముప్పై కేజీలే, అందులో దుప్పట్లకు ఖాళీ వచ్చేటప్పుడు చూసుకుంటా.