ఇంట్లో వేసుకునే కీళ్లవాతం ఇంజెక్షన్లు: జాగ్రత్తలు

సంపాదకుల వారికి,

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు డాక్టర్లు రాసే అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ వంటి ఇంజెక్షన్లను హైదరాబాద్‌లో పలువురు ఇంట్లోనే వేసుకుంటున్నారు. వీటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి. గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా పనికిరాదు. అలాగే 40 డిగ్రీలు దాటే మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పడేసి తెచ్చుకోవడం ఎంతమాత్రం తగదు. వేసుకునే ముందు కాసేపు బయట ఉంచితే నొప్పి తగ్గుతుంది గానీ, తొందరపడి వేడినీళ్లలో ముంచకూడదు. తొడ మీద, లేదా బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట మీద, ప్రతిసారీ చోటు మార్చి వేసుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. ఈ మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కనుక, శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. జ్వరమో, తగ్గని దగ్గో ఉన్నప్పుడు, ‘ఈరోజు డోసు రోజు కదా’ అని వేసుకోకుండా ముందు డాక్టరును అడగాలి. నొప్పులు తగ్గాయని సొంతంగా మానేయడమూ మంచిది కాదు.

ఇక వాడిన సూది. మూత పెట్టి చెత్తబుట్టలో వేస్తే, అది తెల్లవారి చెత్త ఆటోలో చేతులతో తడి, పొడి వేరుచేసే కార్మికురాలికి గుచ్చుకుంటుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే వీటిని ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి. మనం గట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాచి ఇస్తాం. నగరపాలక సంస్థ వాటిని విడిగా తీసుకునే ఏర్పాటు ప్రతి వార్డులోనూ చేయాలి, మందుల దుకాణాలనూ అందులో భాగం చేయాలి.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్