తక్కువ తినుమంటరు, ఉన్నదే తక్కువ

ఎడిటర్ గారికి నమస్తే,

మీ పేపర్ల షుగర్ గురించి వచ్చినప్పుడల్లా చదువుతా, ఎప్పుడు జూసినా అదే ముచ్చట, తిండి తగ్గించున్రి, పొట్ట తగ్గించున్రి, ఓట్స్ బాదంలు తినున్రి అని. మా కరీమాబాద్ గల్లీల ముసలోళ్లకు షుగర్ ఉంది, పొట్ట గూడ ఉంది, కానీ అది బాగ తిని వచ్చింది కాదు సార్, వేరేది కొనలేక మూడు పూటలు అన్నం తొక్కు మీద బతికితే వచ్చింది. రేషన్ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఫ్రీగ ఇస్తున్నరు, మంచిగనే ఉన్నయి కాదంటలేను, మరి పప్పు, గుడ్లు, కూరగాయలు ఎక్కడికెళ్లి రావాలె? 2,016 రూపాయల పింఛన్ల గోలీలకు, కరెంటు బిల్లుకు పోంగ ఏం మిగుల్తది?

పక్కింటి అవ్వ కాళ్లు చేతులు పుల్లల్లెక్క ఉంటయి, పొట్ట మాత్రం ముందటికి. వయసు మీద పడ్తే కండ కరుగుతది, రక్తంల చక్కెరను ఎక్కువ గుంజుకునేదే కండ, పప్పు గుడ్డు లేక అది ఇంకింత పోయి పొట్టల కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగ పనిజెయ్యది. తూకమేస్తే మామూలుగనే కనవడ్తది, అందుకే నడుము గూడ కొలవాలె, మగోళ్లకు 90, ఆడోళ్లకు 80 సెంటీమీటర్లు దాటొద్దంటరు, టేపు పట్టుకొని కొలిచేటోళ్లు ఏరి?

నెలాఖరుకైతే ఇంకో బాధ. మనవలకు సరిపోవాలని అవ్వ రాత్రి పూట ఎగ్గొడ్తది, గోలి మాత్రం టైంకు ఏస్కుంటది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోలి ఏస్కొని తినకపోతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకుడు, మనిషి సోయి తప్పుడు గూడ అయితది, ఇంట్లోళ్లు గాలి సోకిందనుకుంటరు. ఒకసారి అట్లయినంక భయపడి గోలి సగం ఇరగ్గొట్టుకొని ఏస్కుంటుంది, ఇగ షుగర్ మళ్ల పైకి. దవాఖానల గోలీ ఏస్కుంటున్నవా అని అడుగుతరు గని ఇంట్ల తినడానికి ఉందా అని అడిగినోళ్లు లేరు.

తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల చెప్పిందాని ప్రకారం ధాన్యాలకెళ్లి వచ్చే క్యాలరీలు 45 శాతం దాటొద్దు, మా దిక్కు ముసలోళ్ల పళ్లెంల దాదాపు అంతా అన్నమే. 60 దాటినోళ్లకు బియ్యంల రెండు కిలోలు తగ్గించి అయినా సరే కందిపప్పు, జొన్నలు ఇయ్యొచ్చు గదా, చిన్నప్పుడు గట్క తిని పెరిగినోళ్లే వీళ్లు, వద్దంటరా.

మీరు గూడ ఒక పని జెయ్యున్రి సార్, వచ్చే వారం ఓట్స్ వంటలు ఆపి, రేషన్ బియ్యం, పావు కిలో పెసర్లు, పాలకూర కట్టతోని షుగర్ ఉన్నోళ్లు రోజు ఎట్ల ఎల్లదీయాల్నో రాయున్రి.

- ఒక పాఠకుడు, కరీమాబాద్, వరంగల్