ఎల్లో ఫీవర్ గురించి అడగడానికి కాదులే

బుజ్జీ,

ఏం లేదు, ఊరికే రాస్తున్నా. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నా అంటావు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పెడతావు, అందుకని నీకు తీరికైనప్పుడు చదువుకుంటావని ఇలా ఒకేసారి టైపు చేసి పంపిస్తున్నా. కళ్ళజోడు మార్చాక అక్షరాలు బాగానే కనపడుతున్నాయి, తప్పులుంటే నువ్వే సర్దుకో.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న బీపీ మాత్ర వేసుకున్నానంటాడు, స్ట్రిప్పులో చూస్తే మాత్ర అక్కడే ఉంటుంది. పెరట్లో సపోటా ఈసారి విరగకాసింది, సగం గబ్బిలాలకే. రెండో పిన్ని వాళ్ళు మేడ మీద గది మొదలుపెట్టి ఇసక దొరక్క ఆపేశారు. పెద్దత్తయ్య సంగతి నీకు తెలిసిందే, ఆవిడ మారదు.

అన్నట్టు మన వాసు మొన్న నారాయణగూడలో టీకాలు వేసే గవర్నమెంటు సంస్థ ఐపీఎంకి వాళ్ళ ఆఫీసు పని మీద వెళ్ళాడంట. అక్కడ ఎల్లో ఫీవర్ టీకా క్యూలో నిన్ను చూశానన్నాడు, పలకరిద్దామనుకునేలోపు లోపలికి వెళ్ళిపోయావంట. ఎవర్ని చూసి ఎవరనుకున్నావో అన్నాను. కాదు పెద్దమ్మా, ఆకుపచ్చ చున్నీ, భుజాన జిప్పు ఊడిన నల్ల బ్యాగు అన్నాడు. ఆ బ్యాగు మార్చమని నీకు ఎన్నిసార్లు చెప్పానే.

ఎల్లో ఫీవర్ టీకా పూణే వెళ్ళడానికి వెయ్యరు, ఢిల్లీకీ వెయ్యరు, ఆఫ్రికా లాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళకి వేస్తారు. సర్వీసంతా టీకాల బాక్సు మోసినదాన్ని, ఆ మాత్రం తెలీదా. వేశాక 10 రోజులు గడిస్తేగానీ కార్డు చెల్లదు. ఇదివరకు పదేళ్ళకోసారి వేయించుకోమనేవాళ్ళు, 2016 నుంచి ఒక్కసారి వేస్తే జీవితాంతం చాలన్నారు. ఆ పసుప్పచ్చ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోవాలి, పోగొట్టుకుంటే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపి 6 రోజులు విడిగా కూర్చోబెడతారు. నేనేం అడగట్లేదు, ఎవరో ఫ్రెండ్‌కి తోడు వెళ్ళుంటావు.

అది సరే, ఉద్యోగం ఎలా ఉంది? ఊళ్ళో ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుంది అనడిగితే చెప్పడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. తుఫాన్లు, భూకంపాలు, యుద్ధాలు జరిగినచోట సాయానికి వెళ్ళేవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తుంది అంటాను. అయితే తను వెళ్ళదుగా అంటారు. వెళ్ళదండీ, హైదరాబాదులోనే ఉంటుంది అని ఇన్నాళ్ళూ ధైర్యంగా చెప్పాను. మన గన్నవరం దగ్గర కొండపావులూరులో విపత్తుల్లో జనాన్ని కాపాడే దళం ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది, దాని పక్కనే విపత్తుల సంస్థ ఎన్ఐడీఎం వాళ్ళ దక్షిణాది క్యాంపస్ కూడా పెట్టారు, 2025 జనవరిలో అమిత్ షా వచ్చి ప్రారంభించాడు, నాన్న టీవీలో చూపించాడు. అక్కడ నీలాంటి వాళ్ళకి పోస్టులుండవా? పొద్దున ఇక్కడ బస్సెక్కితే భోజనాల టైముకి అక్కడుండొచ్చు. ఊరికే అంటున్నాలే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ స్ఫియర్ పుస్తకం తెచ్చి చూపించావు గుర్తుందా. క్యాంపులో మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళు, ఒక్కో కొళాయికి 250 మందికి మించకూడదు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, తల దాచుకోడానికి మనిషికి 3.5 చదరపు మీటర్లు, నువ్వు చదువుతుంటే నాన్న మన హాల్లో ఎంతమంది పడతారో లెక్కేశాడు. 1994లో రువాండా నుంచి పారిపోయి పక్క దేశంలోని గోమా చేరిన జనం కలరాతో వేలకి వేలు పోయారని, సాయానికి సంస్థలైతే బోలెడు వచ్చాయిగానీ ఎవరి పద్ధతి వాళ్ళదే అయ్యిందని, ఆ తర్వాత 1997లో అందరూ కూర్చుని ఈ కొలతలు రాసుకోవడం మొదలెట్టారని చెప్పావు. అప్పుడు నీతో ఏమీ అనలేదుగానీ నాకు మన దివిసీమే గుర్తొచ్చింది. 1977 నవంబర్ 19 ఉప్పెనకి నేను స్కూల్లో చదువుతున్నా. సుమారు 10 వేలమంది పోయారంటారు, చిన్నతాతయ్య వాళ్ళింట్లో ఎవరు మిగిలారో నీకు తెలుసు. జనం ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చారు, దేవుళ్ళల్లే వచ్చారు, కాదన్ను. కానీ పొట్లాలన్నీ రోడ్డు పక్క ఊళ్ళకే అందేవి, లోపల సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు బురదలో నడిచొచ్చి చూసేసరికి లారీ ఖాళీ. ఇచ్చే చెయ్యి ఉంటే చాలదు, ఎవరికి అందలేదో వెతికే మనిషి ఒకరుండాలి, ఆ వెతకడం నేర్పిస్తేగానీ రాదు. నీ ఉద్యోగం అదే కాబట్టి నాకు గర్వమే, హైదరాబాదులో కూర్చుని చేస్తే ఇంకా గర్వం.

1990 మే తుఫాను సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తా విను. అప్పటికి నాకు ఏఎన్ఎంగా ఉద్యోగం వచ్చి కొన్నాళ్ళే, నాన్నతో ఇంకా పెళ్ళి కాలేదు. మే 9న తీరం దాటింది. ఈసారి 77లా కాదు, రేడియోలో ముందునుంచీ చెప్తూనే ఉన్నారు, దండోరా వేశారు, ట్రాక్టర్లు పెట్టి జనాన్ని తరలించారు, జిల్లాల్లో లక్షమందికి పైనే ఖాళీ చేయించారు, అందుకే ప్రాణాలు దక్కాయి. మాకు అంతకుముందే బందరులో ట్రైనింగ్ కూడా అయ్యింది, ఒక హాల్లో కూర్చోబెట్టి తుఫాను ఎలా పుడుతుందో బోర్డు మీద బొమ్మేసి చెప్పారు, సంతకాలు తీసుకుని టీఏ ఇచ్చారు. నాకేసిన ఊళ్ళో తుఫాను షెల్టర్ ఉంది (ఊరి పేరు ఎందుకులే), మామూలప్పుడు దాన్నే స్కూలుగా వాడేవాళ్ళు. నేను మందుల పెట్టె సైకిలుకి కట్టుకుని వెళ్ళేసరికి ఎదురుగాలి, చినుకులు, షెల్టర్ మెట్ల మీద ఆడాళ్ళు, పిల్లలు, మూటలు, కోళ్ళు, ఒకావిడ దూడని కూడా పైకెక్కించింది. లోపలికి పోరేంటంటే తాళం. తాళంచెవి అటెండరు దగ్గరుంది, అటెండరు బావమరిది పెళ్ళికి గుడివాడ వైపు వెళ్ళాడు. మే నెల కదా, పెళ్ళిళ్ళ రోజులు. రెవెన్యూ ఆయన చేతిలో లిస్టుంది, ఏ వీధిలో ఎంతమంది, ఎన్ని బియ్యం బస్తాలు, అన్నీ ఉన్నాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ లిస్టులో లేదు. ఆ పేపర్లు తడవకుండా చొక్కాలో పెట్టుకుని తాళం బద్దలు కొట్టొచ్చా, గవర్నమెంటు ఆస్తి, ఎవర్నడగాలి అని నిలబడ్డాడు. చివరికి ఎవరో గునపం తెచ్చి ఊడబెరికారు, ఆయన అటు తిరిగి నిలబడ్డాడు, చూడనట్టు.

లోపల సగం గదిలో ఎవరివో ఎరువుల బస్తాలు! అవన్నీ బయటికి గెంటి జనం సర్దుకునేసరికి చీకటి పడింది. అక్కడితో అయిపోయిందా అంటే లేదు. ఆడాళ్ళు మంచినీళ్ళు తాగట్లేదు. ఎంత బతిమాలినా దాహం లేదమ్మా అంటారు. నేను భయం వల్ల అనుకుంటున్నా. మంత్రసాని ముసలావిడ ఒకావిడుండేది, బడికెళ్ళలేదు, ఏ ట్రైనింగూ లేదు, ఆవిడ నా చెవిలో చెప్పింది, ఏం తల్లీ ఆ నీళ్ళు తాగి ఎక్కడికి పోతారు, ఇంతమంది మగాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు కదా అని. ఆవిడే రెండు కోక ముక్కలు తెచ్చి వరండా మూల కట్టించింది, బక్కెట్టు, బూడిద పెట్టించింది, మగాళ్ళని అటు పక్కకి తోలేసింది. అప్పుడు తాగారు. తెల్లారుజామున గాలి హోరులో ఒక పిల్లకి నెప్పులొచ్చాయి, లాంతరు వెలుగులో ఇద్దరం కలిసి కాన్పు చేశాం, ఆడపిల్ల, బాగానే ఉంది, ఇప్పుడు ఆ అమ్మాయికే కాలేజీకెళ్ళే పిల్లలున్నారు. మీ పుస్తకంలో ఇరవై మందికి ఒకటి అని ఉంది చూడు, ఆ అంకె వెనక ఆ దాహం ఉందే.

తర్వాత నేను ఆశా వర్కర్లకి చెప్పే రోజులొచ్చినప్పుడు బోర్డు మీద తుఫాను బొమ్మ ఒక్కసారి కూడా వెయ్యలేదు. షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆయన ఊళ్ళో లేకపోతే రెండోది ఎవరి దగ్గరుంది, ఈ నెలలో కాన్పులు ఎవరికున్నాయి, మంచాన పడ్డవాళ్ళు ఎవరు, ఇవే అడిగేదాన్ని. కూర్చోబెట్టి కాదు, నడిపించి. ఆ మంత్రసానిని కూడా బతికున్నన్నాళ్ళూ పిలిచేదాన్ని, ఆవిడకి టీఏ రాయడానికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదని పైవాళ్ళు గొడవ.

ఇదంతా చదివి, చూశావా అమ్మా నువ్వే అంటున్నావు, వెళ్ళి చూస్తేనే తెలుస్తుందని, అంటావు. నేనలా అనట్లేదు. నేను వెళ్ళింది పక్క ఊరికి, సైకిలు మీద.

ఓఆర్ఎస్ సంగతి కూడా మీ క్లాసుల్లో చెప్తున్నావా? 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాల్‌లో బనగావ్ క్యాంపుకి వచ్చినప్పుడు సెలైన్లు చాలక, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొట్లాలు కట్టించి డ్రమ్ముల్లో కలిపించి, పేషంట్ల ఇంటివాళ్ళనే పట్టుకెళ్ళి తాగించమన్నాడు. వందకి ముప్పై మంది దాకా పోయేచోట నాలుగు శాతంలోపుకి దిగింది. ఆయనకి పద్మవిభూషణ్ పోయాక వచ్చింది, 2023లో. కలరా పిల్లాడి పక్కన కూర్చున్న తల్లికి ఎంత చెప్తే చాలో ఆయనకి తెలుసు. మీ వాళ్ళు మూడు రోజులు వందల స్లైడ్లు, అదీ ఇంగ్లీషులో, ఏసీ హోటల్లో చెప్తారని నువ్వే ఒకసారి విసుక్కున్నావు. కరెంటు తీసేసి, రాత్రిపూట, సగం సామాను రాకుండా చేసి చెప్పించమను, అప్పుడు తెలుస్తుంది ఎవరికి ఎంత వచ్చో. అక్కడి వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పించు. బయటినుంచి వెళ్ళినవాళ్ళు ఆర్నెల్లకి తిరిగొచ్చేస్తారు, అక్కడి డ్రైవరు, నర్సు, నీళ్ళ ట్యాంకరు కుర్రాడు అక్కడే ఉంటారు.

వాళ్ళే ఎక్కువ పోతున్నారు కూడా. ఆగస్టు 19 సహాయ సిబ్బంది దినం అని పేపర్లో వేశారు, 2003లో బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసు మీద బాంబు పేలి 22 మంది పోయిన రోజంట. 2024 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 380 మందికి పైగా చనిపోయారంట. నాన్న ఆ పేపరు నాకు కనపడకుండా బియ్యం డబ్బా కింద పరిచేశాడు. బియ్యం తీసేది నేనే కదా.

పోయినేడు ప్రమాదమున్న చోట్ల ఎలా మసలుకోవాలో నేర్పే హీట్ ట్రైనింగ్ అని వెళ్ళొచ్చావు చూడు, ఉత్తుత్తి చెక్‌పోస్టు, ఉత్తుత్తి రక్తం, కళ్ళకి గంతలు కట్టి కూర్చోబెట్టారని నవ్వుతూ చెప్పావు, నేను కూడా నవ్వాను, ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎవరైనా ఎత్తుకుపోతే నువ్వు బతికే ఉన్నావని తెలుసుకోడానికి నీకు మాత్రమే తెలిసిన ప్రశ్నలు, జవాబులు ముందే కాగితం మీద రాయించుకుంటారన్నావు. ఏం ప్రశ్న రాశావే? కుక్క పేరు రాయకు, అది ఊరందరికీ తెలుసు. మీ క్లాసులో ఇంకొకటి చెప్పావు, కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్తే చూడు, విను, సాయం దొరికేచోటుకి కలుపు అని. మూడూ బాగున్నాయి, ఆ విను అనేది నీ తల్లి విషయంలో కూడా పనిచేస్తుందేమో చూడు.

పోయిన సంక్రాంతికి బావి దగ్గర అన్నావు, గట్టు మీద కూర్చుని ఈత నేర్పుతున్నట్టుంది అమ్మా, సిగ్గుగా ఉంది అని. నేను విననట్టు బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేశాను, విన్నాను. నైరోబీలో ఏదో ట్రైనింగ్ అయితే చెప్పు, సంతోషంగా పంపిస్తా, దానికీ ఆ టీకా కావాలని చూశాను. సూడాన్ నుంచి పారిపోయిన జనం చాద్‌లో అద్రే దగ్గర లక్షల మంది ఉన్నారని నువ్వు చెప్పింది కూడా గుర్తుంది, మ్యాపులో చూశాను, అదైతే... అదైనా చెప్పు. వాసు చెప్తే తెలియడం నాకు బాగోలేదు.

వెళ్ళేట్టయితే మాత్రం పనులు సగం సగం చెయ్యకు. మలేరియా మాత్రలు బయల్దేరకముందే మొదలెట్టాలి, డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, తిన్నాక వేసుకో, వేసుకోగానే పడుకోకు, నీకు అసలే గ్యాస్. థైరాయిడ్ మాత్రలు ఆర్నెల్లకి సరిపడా కొని డాక్టరు చీటీతో సహా రెండు బ్యాగుల్లో సగం సగం పెట్టు. దోమతెర మందు పూసింది అడుగు. పనిచేసేవాళ్ళకి మధ్యలో సెలవిచ్చి పంపిస్తారంట కదా, ఇస్తే తీసుకో, అందరూ తీసుకున్నాక చివర్లో తీసుకుంటా అని నీ పెద్దరికం చూపించకు. కందిపొడి, నల్లకారం, చింతకాయ తొక్కు చేసి ఉంచాను, ఎందుకు చేశానని అడగొద్దు, చింతకాయలు ఉన్నాయి చేశాను.

ఆఫీసులో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక ఫారం నింపిస్తారు కదా, అందులో నాన్న నంబరు రాయకు, ఆయన ఫోన్ సైలెంట్‌లో పెట్టి చేలోకి పోతాడు. నాది రాయి, రాత్రుళ్ళు కూడా తలగడ దగ్గరే ఉంటుంది. రెండో నంబరు కావాలంటే పిన్నిది రాయి, చిన్నాన్నది మాత్రం వద్దు, ఇంగ్లీషు వినపడగానే క్రెడిట్ కార్డు వాళ్ళనుకుని కట్ చేస్తాడు.

అమ్మ