మీ రెస్టారెంట్ కడప బ్రాంచి మీద ఫిర్యాదు: ఫోన్లయ్యాయి, మెసేజీలయ్యాయి, ఇక ఉత్తరం

కస్టమర్ రిలేషన్స్ అధిపతి గారికి,

నమస్కారం. మీ పేరు తెలియక హోదా రాశాను. పేరు అడిగితే "అది షేర్ చేసే పర్మిషన్ లేదు సార్" అన్నారు మీవాళ్లు.

జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. మా అమ్మానాన్నల పెళ్లిరోజని బెంగళూరు నుంచి చెల్లెలు, బావ, ప్రొద్దుటూరు నుంచి చిన్నాన్న వాళ్లు, ఊళ్లోనే ఉన్న నా స్నేహితులు పిల్లాపాపలతో వచ్చారు. శనివారం రాత్రికి వెయ్యి రూపాయలు అడ్వాన్సు కట్టి పొడుగు టేబుల్ బుక్ చేశాను. పోయి చూస్తే దాని చుట్టూ ఎవరిదో బర్త్‌డే బెలూన్లు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ క్యాష్ కౌంటర్ పట్టుకుని నిలబడి, "ఇంట్లో ఇంత సంగటి కెలుక్కున్నా ఈపాటికి తిని పండుకునేవాళ్లం గదరా" అంది. చివరికి మూడు మూలల్లో మూడు టేబుళ్లు ఇచ్చారు. తిండి బాగానే ఉంది, దాని మీద నాకు పేచీ లేదు. బిల్లులో మాత్రం అడ్వాన్సు తగ్గించలేదు. పైగా 6,840 రూపాయల తిండికి 684 రూపాయలు సర్వీస్ ఛార్జ్, ఆ రెండూ కలిపి దాని మీద 5 శాతం జీఎస్టీ.

మేనేజరు ఒక్క మాట 'సారీ' అనుంటే ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. ఆయన స్క్రీన్ మీద నుంచి తల ఎత్తకుండా "సిస్టమ్‌లో వచ్చేస్తుంది సార్, తీయడానికి మాకు ఆప్షన్ ఉండదు, కస్టమర్ కేర్‌కి చెప్పుకోండి" అని టిష్యూ పేపరు మీద నంబరు రాసిచ్చాడు. చివరి అంకె టమాటా సాస్‌లో తడిసింది. అది ఒకటో ఏడో తేల్చుకోవడానికి ఎవరో పాపం నిద్రపోతున్న మనిషిని లేపాను.

ఇక మీ కస్టమర్ కేర్. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీ వచ్చింది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అన్న ముక్క మాత్రం మంచి తెలుగులో ఉంది, పాట మధ్యలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది కాబట్టి మా ఇంట్లో చిన్నదానికి కంఠతా వచ్చేసింది. లైన్ కలిశాక ఒకావిడ "కడప ఏ సిటీలో ఉంది సార్?" అని అడిగింది. కడపే సిటీ తల్లీ అన్నాను. "లిస్టులో కనపడట్లేదు, హైదరాబాద్ అని పెట్టేస్తున్నా" అంది. పెట్టేసింది కూడా. ఆ తర్వాత హైదరాబాద్ బ్రాంచి వాళ్లు నాకు ఫోన్ చేసి, మీరు మా దగ్గరికి రానే లేదు కదా అని నిలదీశారు!

ఇంకొకరు మీ కడప బ్రాంచి ఫ్రాంచైజీ అని, వాళ్లతోనే మాట్లాడుకోమని చెప్పారు. బ్రాంచికి పోతే సాఫ్ట్‌వేర్ హెడ్ ఆఫీసుదన్నారు. హెడ్ ఆఫీసు మెయిల్ చేయమంది. మెయిల్‌కి జవాబుగా "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మాకు ఐదు స్టార్లు ఇవ్వండి" అని వచ్చింది. పరిష్కారం కాలేదు మహాప్రభో అంటే, మూసేసిన టికెట్ తెరవడం కుదరదు, కొత్తది పెట్టుకోండన్నారు. కొత్తది పెడితే, పాతదాంట్లో ఇదే ఉంది కాబట్టి ఇదీ మూసేస్తున్నామన్నారు. ఈ తెలివి టేబుళ్ల బుకింగ్‌లో చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఒక కుర్రాడు మాత్రం ఓపిగ్గా విన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, మాట మెత్తగానే ఉంది. "రేపు పదకొండింటికి మా సూపర్‌వైజర్ మీకు చేస్తారు సార్, లైన్‌లో ఉండండి" అన్నాడు. మర్నాడు ఆఫీసులో ఫోన్ ఎదురుగా పెట్టుకుని, టీకి కూడా కిందికి దిగకుండా కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఒక మెసేజ్ వచ్చింది: 200 రూపాయల కూపన్. కింద చిన్న అక్షరాల్లో, బెంగళూరు, హైదరాబాద్ బ్రాంచిల్లో మాత్రమే చెల్లుతుందట. రెండొందల కూపన్ వాడుకోవడానికి కడప నుంచి బెంగళూరు పోవాలి. టికెట్ మీరే తీస్తారా?

మీరు ఇక్కడ తెరిచిన కొత్తలో సగం టేబుళ్లు ఖాళీగా ఉండేవి. అప్పట్నుంచి మా పిల్లల పుట్టినరోజులు మీ దగ్గరే, మా ఆఫీసు వాళ్ల ప్రమోషన్ పార్టీలు మీ దగ్గరే. మీ మెంబర్‌షిప్ కార్డు నా పర్సులో ఓటరు కార్డు పక్కనే ఉంది. ఏడు రోడ్ల దగ్గర బండి మీద ఎర్రకారం దోశలు వేసే మనిషి కూడా చట్నీ అయిపోతే నా మొహం చూసి చెబుతాడు. ఇంత ఏసీలో కూర్చుని మీరు ఆ మాత్రం చేయలేకపోయారు.

సర్వీస్ ఛార్జ్ దానంతటదే బిల్లులో కలపకూడదని, దాన్ని కలిపి జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మీ 'సిస్టమ్'కి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుతాను. అక్కడా తేలకపోతే మా ఊళ్లోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. మా చిన్నాన్న రిటైర్డ్ గుమాస్తా, కోర్టు కాగితాలంటే ఆయనకు పండగ. ఇప్పటికే ఫైలు కుట్టేశాడు.

నా వెయ్యి, ఆ 684, దాని మీద వేసిన జీఎస్టీ వెనక్కి ఇవ్వాలి. అంతకంటే ముందు మీలో పేరున్న మనిషి ఎవరైనా మా అమ్మకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలి. ఆమెకు హిందీ రాదు. సాయంత్రం ఏడు దాటాక చేయండి, అంతకుముందు గుడికి పోయుంటుంది.

బిల్లు రంగు వెలిసిపోతోంది కాబట్టి జిరాక్స్ జత చేస్తున్నాను. అసలుది నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ మెంబర్‌షిప్ కార్డుదారుడు (ఇంకా రద్దు చేసుకోలేదు),
కడప