ఫాఫ్సా (కాలేజీ చదువుకి ప్రభుత్వ ఆర్థిక సహాయం కోసం పెట్టే దరఖాస్తు) ఫారం గురించి అమెరికా విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా/అమ్మా,

మీకు ఇంగ్లీషులో పంపిన ఉత్తరమే ఇది. వీసా గడువు దాటిపోయి, ఎవరికీ చెప్పుకోలేక ఉన్న కుటుంబాలు మనవాళ్లలోనూ ఉన్నాయి కాబట్టి తెలుగులో కూడా పెడుతున్నా.

ఇక్కడే పుట్టిన పిల్లలు అమెరికా పౌరులు. అమ్మానాన్నలకు కాగితాలు లేకపోయినా పెల్ గ్రాంట్‌కి, అంటే డబ్బు లేని విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయానికి, ఆ పిల్లలు అర్హులే, 2024-25లో అది ఏడాదికి 7,395 డాలర్ల వరకు ఉంది. మరి ఫారం నింపబోతే? పాత పద్ధతిలో తల్లిదండ్రుల సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) దగ్గర సున్నాలు పెట్టి, సంతకం చేసిన కాగితం పంపితే సరిపోయేది, 2024-25 నుంచి వాళ్లకూ సొంత ఆన్‌లైన్ అకౌంట్ ఉండాలన్నారు, తీరా చూస్తే ఆ నంబరు లేనివాళ్లని కొత్త ఫారం నెలల తరబడి లోపలికే రానివ్వలేదు. కాలేజీల గడువులేమో ఆగవు కదా!

సరే, దాన్ని తర్వాత బాగుచేశారు. భయం సంగతేంటి? ఫాఫ్సా వివరాలు ఆర్థిక సహాయం కోసమే వాడాలని చట్టంలో ఉంది, నిజమే. కానీ 2025 ఏప్రిల్‌లో పన్నుల శాఖ ఇమ్మిగ్రేషన్ వాళ్లతో సమాచారం పంచుకోడానికి ఒప్పందం చేసుకున్నాక, ఆ చట్టాన్ని నమ్మి ఇంటి అడ్రసు రాయమని ఒక తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఈ వివరాలు ఇమ్మిగ్రేషన్ శాఖకు ఇచ్చేది లేదని మీ సంతకంతో రాసి, ఫారం మొదటి పేజీలోనే పెట్టండి. అలా రాయలేకపోతే, ఎందుకు రాయలేరో ఆ పిల్లలకే చెప్పండి.